అమ్మకు పథ్యం ఎవరు వండారు?

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. పాత బియ్యం ఏరి డబ్బాలో పోశాను. ఫోన్ తెరిస్తే ఎవరో రాశారు... "మన పాతకాలపు వంటిల్లే వైద్యశాల" అని. అప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది.

మా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక వాటాలో ఉండేవాళ్లం. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చాం. ఆయనకు కడుపులో పుండు. అబిడ్స్‌లోని ఆయుర్వేద వైద్యుడు చెప్పినట్టు అమ్మ ఏళ్ల తరబడి వేరుగా వండింది... మిరపకాయ లేని బీరకాయ కూర, చింతపండు లేని చారు. రోజూ రెండు వంటలు. అది ఎవరికీ కష్టంగా కనిపించలేదు.

నాన్నకు నయమైంది. మళ్లీ ఇంట్లో గోంగూర, కారం. అప్పుడు అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి సగమైంది. అదే వైద్యుడు జావ, వెన్న తీసిన మజ్జిగలో శొంఠి తప్ప ఏదీ పెట్టొద్దన్నాడు.

"ఆడదానికి పథ్యమేమిట్రా, చోద్యం కాకపోతే!" అంది నాయనమ్మ. నాన్న పేపరు తిరగేశాడు.

పక్కవాటా ఎల్లవ్వ నన్ను కుంపటి ముందు కూర్చోబెట్టింది.

"బియ్యం జర దోరగ ఏంచు బిడ్డా. నల్లగ చెయ్యకు. చల్ల మంచిగ చిలుకు, వెన్న పలుకు గూడ ఉండొద్దు."

వెచ్చగా ఉంటే అమ్మకు మంచిదని మజ్జిగ కుంపటి మీద పెట్టాను. విరిగిపోయింది.

"అయ్యో పిచ్చి పోరడా... చల్లను గిట్ల కాగబెడ్తరా!"

మళ్లీ చిలికాను. నాలుగు రోజులకు అమ్మ లేచి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. అమ్మ కోసం చిలికిన మజ్జిగ తీసి నాయనమ్మ ఆయనకు పోసింది. అమ్మ కంచంలోనేమో గోంగూర పప్పు వేసింది. అమ్మ కలుపుకుంటోంది.

కంచం లాగేశాను.

"పెద్దా చిన్నా లేదట్రా నీకు!" నాన్న లేచాడు.

"మీకు పథ్యం... అమ్మకు మాత్రం గోంగూరా?"

నేను గొంతెత్తడం అదే మొదలు. నేను పెరుగు తెచ్చి చిలకడానికి కూర్చున్నాను. అమ్మ గ్లాసు ఖాళీ చేసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

అమ్మకు తగ్గింది. తగ్గిన రోజు పొద్దున్నే లేచి అందరికీ గోంగూర వండింది. బాగుందన్నారు. ఒంట్లో ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

వైద్యశాలట... ఎవరికి? ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఓ హోటల్లో ఆ జావనే ఇత్తడి గిన్నెలో పోసి అమ్ముతున్నారు. అమ్మల చేతి మహిమ అని గోడ మీద రాశారు.

మీ ఇళ్లలో అమ్మ మంచం పట్టినప్పుడు పథ్యం ఎవరు వండారు? వాళ్ల పేరు రాయండి...