ఇంటి తూటా, కొట్టు తూటా

ఆర్విడ్ టోలెఫ్సన్ పొదుపరి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. మోంటానా ఉత్తరాన రైలుపట్టా పక్కనున్న ఆ గోధుమల ఊళ్ళో దేవుణ్ణి అప్పుడప్పుడు ప్రశ్నించేవాళ్ళు ఉన్నారు గానీ, పొదుపును ప్రశ్నించినవాళ్ళు లేరు. పొదుపు పేరు చెప్పి అక్కడ మనిషి ఏ వెర్రి పనైనా చెయ్యొచ్చు. ఆర్విడ్ తూటాలు చేసేవాడు.

ముప్పై ఏళ్ళు ఆయన ధాన్యం గాదె దగ్గర కాటా మీద కూర్చుని గోధుమ లారీలు తూచాడు. రిటైరైన ఏడాది, చనిపోయిన ఓ రైతు సామాన్ల వేలంలో తూటాలు చేసే చేతిప్రెస్సు ఒకటి కారుచౌకగా దొరికింది. ఆ కారుచౌక ప్రెస్సు తర్వాతి కాలంలో తిన్నంత డబ్బు ఆయన పికప్ ట్రక్కు కూడా తినలేదు. దాన్ని వంటింటి వెనకున్న వెచ్చటి గదిలో బల్లకు బిగించి, తలుపు మూసుకుని, ఆర్విడ్ రెండో ఉద్యోగంలో చేరాడు.

పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. తూటా పేలాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని తోమి, సాగిన చోట నొక్కి కొలతకు తెచ్చి, అడుగున ప్రైమర్ అనే చిన్న నిప్పుబిళ్ళ కూర్చి, తుపాకిమందు పోసి, మూతికి గుండు బిగిస్తే మళ్ళీ తూటా అవుతుంది. మందు తూచే కొలతను గ్రెయిన్ అంటారు, అంటే ఒక గింజ ఎత్తు. టన్నుల లెక్కన తూచిన మనిషి ముసలితనంలో గింజ లెక్కకు దిగాడు. అదే ఆయనకు అమితమైన సంతోషం. లారీలో నాలుగు బస్తాలు అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టేది కాదు. ఇక్కడ గింజలో పదోవంతు తేడా వస్తే ఊపిరి బిగబట్టి మళ్ళీ మొదటినుంచి తూచేవాడు.

భార్య ఆర్డిస్‌కు ఈ ఆదా సంగతి ఆయన ఎన్నోసార్లు విడమరిచి చెప్పాడు.

"కొట్లో ఇరవై తూటాల పెట్టె యాభై డాలర్లు. అంటే ఒక్కోటి రెండున్నర. నాది తొంభై సెంట్లు. ఇంకేం కావాలి?"

"ఆ ప్రెస్సు ఖరీదో?"

"అది ఎలాగూ కొన్నదేగా."

"కరెంటు త్రాసు?"

"త్రాసు ఎలాగూ ఒక్కసారే కొంటాం. జన్మంతా ఉంటుంది."

"మరి ప్రైమర్లు ఎక్కడా దొరకని ఏడాది బిల్లింగ్స్ పట్నం దాకా పోయి, మోటెల్లో పడుకుని, పొద్దున్నే లైన్లో నిలబడి వచ్చావే. ఆ పెట్రోలు?"

"బిల్లింగ్స్ ఎలాగూ వెళ్ళాల్సిందేగా."

"ఎందుకు?"

"ప్రైమర్లకి."

ఆర్డిస్ ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. వాదన ఎక్కడ ఆపాలో తెలుసు. ఆమె దగ్గర తండ్రి ఇచ్చిన రైఫిలూ, ఎప్పుడో హార్డ్‌వేర్ షాపులో కొన్న తూటాల పెట్టె ఒకటీ ఉన్నాయి. ఏటా నవంబరులో పెట్టెలోంచి రెండు తూటాలు తీసుకునేది. ఒకటి కాల్చడానికి, ఒకటి ధైర్యానికి. రెండోది తిరిగి పెట్టెలోకి వచ్చేది. ఒక జింక ఫ్రీజర్‌లోకి వచ్చేది.

ఆర్విడ్ మాత్రం వేసవంతా కాగితం మీద గీసిన గుండ్రాలను కాల్చేవాడు. ప్రతి తుపాకీకీ నచ్చే మందు వేరని ఆయన నమ్మకం. ఆ నచ్చేదేదో తేలేదాకా వేటకు పోకూడదు. తూటా చౌకగా పడుతోంది కాబట్టి ఎక్కువ కాల్చేవాడు, ఎక్కువ కాల్చినకొద్దీ ఎక్కువ ఆదా అయ్యేది. కిందటి వేసవి ఒక్కదాన్లోనే ఆయన ఆరువందల డాలర్ల పైచిలుకు ఆదా చేశాడు. దానికి అయిన ఖర్చు బ్యాంకు ఖాతాలో కనిపించింది గానీ, ఆదా మాత్రం ఎక్కడా కనిపించలేదు. నవంబరు వచ్చేసరికి తుపాకీ ఇంకా తేల్చుకోలేదని చెప్పేవాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో తిన్న మాంసమంతా ఆర్డిస్ హార్డ్‌వేర్ షాపు తూటాలదే.

ఇదంతా ఇలాగే సాగిపోయేది, ఆర్డిస్ మోకాలికి ఆపరేషన్ కాకపోతే. మెట్లు దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. బట్టలుతికే మెషీనేమో నేలమాళిగలో ఉంది. దాన్ని పైకి తెస్తే పెట్టడానికి ఉన్నది ఒక్క వెనకగదే. ఆ మాట ఎత్తగానే ఆర్విడ్, బట్టలు తానే ఉతుకుతానని ఉదారంగా ముందుకొచ్చాడు. ఉతికాడు కూడా. సబ్బుపొడిని మందు తూచే త్రాసులో తూచి వేశాడు. రెండో ఆదివారం చర్చిలో ఆర్డిస్ తమ్ముడు వెండెల్ ఆయన పక్కన కూర్చుని, కాసేపటికి లేచి ముందు బెంచీకి మారాడు.

ఆ మధ్యాహ్నం వెండెల్ కాఫీకి వచ్చాడు. ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. వెనకగదిలో ఇత్తడి గొట్టాలు తోమే కరెంటు డబ్బా గరగరమంటోంది.

"బావా, ఓ మాట అడుగుతా, ఏమనుకోకు," అన్నాడు వెండెల్. "ఆ చొక్కాకి ఎన్ని గింజల సబ్బేశావు?"

"సరిపడా వేశాను. ప్యాకెట్ మీద రాసేదంతా కంపెనీ వాళ్ళ దోపిడీ."

"సబ్బు కూడా నువ్వే చేస్తావేమో ఇక," అంది ఆర్డిస్. "చూడవయ్యా, నాకు ఆ గది కావాలి. గొడవ కాదు, మెషీను పెట్టుకోవాలి, అంతే."

"మరి ప్రెస్సు?"

"కిందకి పోతుంది."

"కింద చెమ్మ. మందు పాడవుతుంది. ఏటా ఇన్ని డాలర్లు ఆదా చేస్తున్నవాణ్ణి కిందకి తోసేస్తారా?"

"ఆదా ఆదా అంటావు, ఆ ఆదా నా పళ్ళెంలోకి ఎప్పుడైనా వచ్చిందా? నీ తూటాతో వచ్చిన ముక్క ఒక్కటి చూపించు."

వెండెల్ తీర్పు చెప్పే మనిషిలా కుర్చీ వెనక్కి జరిపాడు.

"అయితే ఇలా చెయ్యండి. మా గడ్డివాము దగ్గరికి ఎల్క్ దుప్పులు దిగుతున్నాయి. నా మేతంతా తినేస్తున్నాయి. ఇద్దరి దగ్గరా వేట అనుమతి చీటీలున్నాయిగా, ఇద్దరూ రండి. బావ తూటాతో మాంసం ఇంటికొస్తే గది బావది. అక్క తూటాతో వస్తే మెషీనుది."

"నా తుపాకీ ఇంకా..." అని మొదలుపెట్టాడు ఆర్విడ్.

"తేల్చుకోమని చెప్పు దానికి," అంది ఆర్డిస్.

ఆ వారమంతా ఆర్విడ్ గదిలోంచి తిండికి తప్ప బయటికి రాలేదు. ఆయన దగ్గర యాభై గొట్టాల జత ఒకటుంది. బరువు చూసి, పొడవు చూసి ఏరిన యాభై. అన్నీ ఏడేసిసార్లు పేలినవి. వాటి మూతులు ఒక్క తల్లి పిల్లల్లా ఒకేలా ఉంటాయి. వాటికి పెట్టెలో యాభై గుంటలున్నాయి. ఆ పెట్టెను ఆయన సుతారంగా, గుడ్లు మోసినట్టు మోసేవాడు. వాటిలోకే ఈసారి మందు తూచి పోశాడు. కచ్చితత్వం ఎక్కువై తూటాలు కాస్త పొడవయ్యాయి. తుపాకీ అరలో పట్టలేదు. ఒక్కొక్కటే చేత్తో పెట్టుకుని కాల్చాలి. ఒక్కటి చాలదా అనుకున్నాడు.

వేట రోజున పాదం మునిగేంత మంచు ఉంది. వెండెల్ వాళ్ళిద్దర్నీ గడ్డివాము చాటున దింపి, పికప్‌ను దూరంగా ఆపుకుని అందులోనే కూర్చున్నాడు. ఆర్డిస్ మడతకుర్చీ వేసుకుని, మోకాలు చాపుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది. ఆర్విడ్ పక్కనే మంచులో బోర్లా పడుకున్నాడు.

వెలుతురు వచ్చిన కాసేపటికి కంచె అవతలి నుంచి దుప్పి దిగింది. గుర్రమంత ఉంది. కొమ్ములు చూస్తే కుర్చీలు తగిలించుకోవచ్చనిపించింది. తన ఇంటికి వచ్చినంత ధీమాగా వచ్చి వెండెల్ గడ్డిలో మూతి పెట్టింది.

"నువ్వే ముందు," అని గుసగుసగా అంది ఆర్డిస్.

ఆర్విడ్ కాల్చాడు. దుప్పి మొదలునరికిన మానులా కూలింది. ఇన్నేళ్ళ లెక్కలు, తొంభై సెంట్లు, గింజలో పదోవంతులు, అన్నీ ఒక్క దెబ్బకు రుజువయ్యాయి. ఆయన లేచి నిలబడి, ఆనందంలో తుపాకీ బోల్టు వెనక్కి లాగాడు. ఖాళీ గొట్టం టింగుమని ఎగిరింది.

ఎక్కడ పడిందో కనిపించలేదు.

ఈ ఊళ్ళో పుట్టని మనిషైతే ఆ క్షణాన దుప్పి వైపు నడిచేవాడు. ఆర్విడ్ తుపాకీని గడ్డివాముకు ఆనించి, చేతి తొడుగులు తీసేసి, మోకాళ్ళ మీద మంచులోకి దిగాడు. యాభైలో ఒకటి పోతే మిగిలేది నలభై తొమ్మిది. నలభై తొమ్మిది గొట్టాలను పెట్టుకోవడానికి పెట్టెలు ఎవరూ చెయ్యరు.

"ఆర్విడ్," అంది ఆర్డిస్.

"ఇక్కడే ఎక్కడో పడింది. కాళ్ళు కదపకు, తొక్కుతావు."

"ఆర్విడ్, అది తల ఎత్తింది."

"వేడిగా ఉంటుందిగా, మంచులో చిల్లు పడి ఉండాలి. నీ కుర్చీ కింద చూడు."

"లేచి నిలబడిందయ్యా."

"ఒక్క నిమిషం ఉండమను."

ఆర్డిస్ కాఫీ కప్పును మంచులో నిలబెట్టి, కూర్చున్న చోటినుంచే రైఫిలెత్తి కాల్చింది. దుప్పి రెండడుగులు వేసి పడిపోయింది. ఈసారి లేవలేదు. ఆమె బోల్టు లాగితే గొట్టం వచ్చి సూటిగా ఆర్విడ్ వేళ్ళ మధ్య పడింది. ఆయన ముఖం వెలిగింది. పైకెత్తి మూతి చూశాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

వెండెల్ మంచు తొక్కుకుంటూ వచ్చేసరికి బావ ఇంకా నేలమీదే ఉన్నాడు.

"ఏం బావా, దుప్పి పడ్డా నువ్వు లేవలేదు. ప్రార్థన చేస్తున్నావనుకుని నేను టోపీ కూడా తీశాను."

దుప్పి ఎవరిదన్న తగువు చర్మం ఒలిచేదాకా నడిచింది. ముందు పడగొట్టింది తానని ఆర్విడ్ అన్నాడు. పడుకోబెట్టింది వేరు, చంపింది వేరు అని ఆర్డిస్ అంది. చచ్చిన జంతువుకు తమ చీటీ కట్టాల్సింది చంపినవాళ్ళే కాబట్టి, ఎవరిదో తేలనిదే కదలనని వెండెల్ అన్నాడు. చర్మం తీస్తే రెండు దెబ్బలు కనిపించాయి. ఒకటి ముందుకాలి వెనక, ఉండాల్సిన చోట ఉంది. రెండోది మెడ వెనకాల, వెన్నుకు పైన, కండను గీరుకుంటూ పోయింది. ఆ అదురుకే దుప్పి కాసేపు స్పృహ తప్పి పడింది.

ఏది ఎవరిదో చెప్పడం కష్టమే. రెండూ ఒకే వైపునుంచి వచ్చాయి. వెండెల్ కత్తి తుడుచుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"బావా, మీ ఇద్దరి తూటాల్లో ఒకటి దారి తప్పింది. ఇంట్లో చేసినవి ఒక్కోసారి అటూ ఇటూ పోతాయి కదా..."

ఆర్విడ్ నిటారుగా నిలబడ్డాడు.

"నా తూటా ఎటూ పోదు. ఎక్కడ గురిపెడితే అక్కడే తగులుతుంది."

"మరి?"

"మెడ దగ్గరిది నాది. అక్కడే గురిపెట్టాను. చెయ్యే కాస్త పైకి పట్టింది. తప్పు చేతిది, తూటాది కాదు."

ఆర్డిస్ జేబులోంచి తన చీటీ తీసి కొమ్ముకు కట్టింది. ఆర్విడ్ టోలెఫ్సన్ నిజాయితీ గురించి ఆ వారం చర్చిలో చాలామంది చెప్పుకున్నారు. వాళ్ళు అనుకున్నంత గొప్పదేమీ కాదది. తూటా పరువు నిలబెట్టడానికి గది వదులుకోవడం తప్ప ఆయనకు దారి దొరకలేదు.

"దుప్పి నాది, గది నాది," అంది ఆర్డిస్, పికప్ ఎక్కుతూ. "ఆ గొట్టం మాత్రం నువ్వే ఉంచుకో."

"నిజంగానా?" అన్నాడు ఆర్విడ్. ఒక్కసారే పేలిన కొట్టు గొట్టం అది. దారి పొడుగునా దాన్ని పిడికిట్లో పట్టుకునే ఉన్నాడు.

మరుసటి వారం ప్రెస్సు మెట్లు దిగింది, మెషీను మెట్లెక్కింది. రెండింటినీ మోసింది వెండెలే. మోసినంతసేపూ బావను తిట్టాడు. ఆర్డిస్ మొదటి విడతగా వేటబట్టలు వేసి, ప్యాకెట్ మీద రాసినంత సబ్బు పోసి, మీట నొక్కింది. కాసేపటికి మెషీను లోపల టకటకమని ఏదో కొట్టుకుంది.

ఆపి, చెయ్యి పెట్టి తీసింది. ఆర్విడ్ కోటుకు వెనక వేలాడే టోపీ మడతలోంచి యాభయ్యో గొట్టం బయటపడింది. అది వీపున మోస్తూనే ఆయన మంచులో అంతా వెతికాడన్నమాట.

ఆర్విడ్ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాడు. లోపలా బయటా తళతళలాడుతోంది. తన తోముడు డబ్బా రాత్రంతా గరగరమన్నా ఇంత మెరుపు రాలేదు. ఆయన కళ్ళలో లెక్క నడుస్తోందని ఆర్డిస్‌కు అర్థమైంది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఆ తర్వాత ఆయన బట్టలు బరువెక్కాయి. ప్యాంటు జేబుల్లో, మేజోళ్ళలో, ఆఖరికి దిండుగలీబులో కూడా ఇత్తడే. అడిగితే అమాయకంగా చూసేవాడు.

"మెషీను ఎలాగూ తిరుగుతోందిగా."

ఆర్డిస్ రెండు వారాలు ఓపిక పట్టింది. మూడోవారం వెండెల్ ఎదుటే చెయ్యి చాపింది.

"గొట్టానికి డాలరూ అరవై సెంట్లు. ఉతుకుడు కూలి."

వెండెల్ వేళ్ళు మడిచి చూసి, పడీపడీ నవ్వాడు.

"తొంభై సెంట్లకి ఇది కలిపితే రెండున్నర. బావా, ఇంతకంటే కొట్లో కొనుక్కోవడమే నయం కదా. ఇంటి తూటా, కొట్టు తూటా ఒకటే ధర."

ఆర్విడ్ పర్సు తీసి నోట్లు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. ముఖంలో ఎక్కడా ఓడినట్టు లేదు.

"నీకు లెక్కలు రావు వెండెల్," అన్నాడు, ఉతికిన గొట్టాలు ఒళ్ళో వేసుకుని నేలమాళిగ మెట్లు దిగుతూ. "ఇది బట్టల ఖర్చు. బట్టలు ఎలాగూ ఉతుక్కోవాల్సిందేగా."