మా మావయ్య పూర్తి కానివ్వని పుస్తకం

మా మావయ్య పోయాడన్న కబురు పోయిన నెల, నేను పని బల్ల ముందు కూర్చుని ఉండగా వచ్చింది. కురుపాం నుంచి అత్త తమ్ముడు ఫోన్ చేసి, "మీ మావయ్య ఇంక నేడమ్మా. బేగి వచ్చీ" అన్నాడు. పెన్సిల్ పక్కన పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనంత అలసటగా ఉంది.

కొన్నేళ్లుగా ఒక బొమ్మల పుస్తకం మీద ఉన్నాను. గుమ్మలక్ష్మీపురం పైన కొండ మీది మా సవర ఊరు, హాస్టల్ చదువు, మా అమ్మ చనిపోవడం, అన్నీ గళ్లు గళ్లుగా బొమ్మల్లో చెప్పుకునే నా కథ. పెద్దవాళ్లు చదవాల్సింది. "ఏ తరగతి పిల్లలకండీ?" అని అడిగినవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. మావయ్య ఆ మాట ఏనాడూ అడగలేదు. ఆయన ఇళ్ల గోడల మీద పోయినవాళ్ల బొమ్మలు వేసేవాడు. బొమ్మలంటే పిల్లల వ్యవహారమని ఆయనకు తోచనే తోచదు.

మాలో ఆ గోడ బొమ్మకు ఒక పద్ధతి ఉంది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసేసినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. దాని ముందు కాస్త జీలుగు కల్లు పెట్టి, "ఏటి తక్కువైనాది?" అని అడగాలి. పోయినవాళ్లు కలలోకి వచ్చి చెబుతారు. గొడుగంటే గొడుగు, మోటార్‌సైకిలంటే మోటార్‌సైకిలు. పొద్దున్న లేచి అది కూడా వేస్తేనే పూర్తి.

నా ఖర్మ కాలి మొదటి అధ్యాయం తీసుకెళ్లి మావయ్యకు చూపించాను. ఆయన పేజీలన్నీ గోడకు ఆనించి, కల్లు పెట్టి, పడుకున్నాడు. తెల్లారి టీ తాగుతూ, "మీ అమ్మ వచ్చినాది గుంటా. కాళ్లకి సెప్పుల్లేవంట" అన్నాడు.

"అమ్మ ఎప్పుడూ సెప్పులేసుకోనేదు కదా మావయ్యా!"

"అందుకే అడుగుతంది."

అమ్మ ఉన్న ప్రతి గడిలోనూ చెప్పులు వేశాను. చేతులు పడిపోయాయి. తర్వాతి అధ్యాయానికి పోయిన అమ్మమ్మ ఆయన కలలోకి వచ్చి తన మేకను అడిగింది. హైదరాబాద్‌లో నా పుస్తకం సంపాదకురాలు విసుక్కుంది: "చనిపోయినవాళ్లు కూడా దిద్దుతారా అండీ పుస్తకాన్ని?" ఆ చిరాకులో ఒకరోజు మావయ్య మీదే అరిచాను. "నీకో దండం, నన్నొగ్గీ మావయ్యా!"

"నాకేటి సెప్తావు? ఆల్లకి సెప్పు" అని నవ్వాడు.

ఇప్పుడు ఆ చెప్పుల పేజీలే నాకు ఎక్కువ ఇష్టం. మా అమ్మను చెప్పులతో నేను చూసింది మావయ్య వల్లే. ఆ మాట ఆయనతో అననే లేదు.

చివరి అధ్యాయం మావయ్యదే. దినాలయ్యాక ఆఖరి పేజీ పట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాను. అందులో అరుగు మీద మావయ్య, భుజాన తువ్వాలు, వేళ్ల మధ్య చుట్ట. సంపాదకురాలు ఆ వారమే పంపమంది. ఇది పూర్తయిందో లేదో ఇంకెవరు చెబుతారన్నదే నా భయం. అత్త పేజీని గోడకు ఆనించి కల్లు పెట్టింది.

పొద్దున్నే అడిగాను. "వచ్చినాడా అత్తా?"

"రానేదు."

"అయితే ఏటీ తక్కువ నేదు. పూర్తయిపోయినాది" అన్నాను. హమ్మయ్య అనిపించింది, నిజం.

అత్త ఆ బొమ్మ వంక చూసి భోరుమంది. "అన్నీ ఎట్టీసినావు. ఇంకెందుకొస్తాడే? ఏదో ఒకటి ఎయ్యడం మానీ గుంటా. అడగడానికైనా వస్తాడు."

చుట్టను తెల్లరంగుతో కప్పేసి పేజీ పంపించాను. పుస్తకం అచ్చుకు వెళ్లింది. మీ చేతికి వచ్చినప్పుడు చూడండి, మావయ్య అరుగు మీద కూర్చుని ఉంటాడు. రెండు వేళ్లూ దేన్నో పట్టుకున్నట్టే ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు.