లాన్‌లో మంద

సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు గుమ్మం ముందున్న కాస్త జాగాలో నేను పట్టుబట్టి లాన్ వేయించాను. నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డి. నడిగూడెం నుంచి వచ్చినప్పుడల్లా మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, దాని అంచున నిలబడి ఒకటే అడిగేవారు.

"మేపని గడ్డి ఎందుకు బిడ్డా?"

బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెలు కాసిన మనిషికి నేనేం చెప్పను? "కూర్చోడానికి మామయ్యా" అంటే, "కూసోనీకి అరుగు లేదా?" అని నవ్వేవారు.

ఓ ఎండాకాలం ఆయన మోకాళ్ళు ఇక మంద వెంట నడవలేమన్నాయి. ఉన్న గొర్రెలన్నీ సూర్యాపేట అంగడిలో అమ్మేయాలనుకున్నారు. అంగడికి ముందురోజు సాయంత్రమే వ్యానులో వాటిని మా ఇంటికి తెచ్చారు. ఆ రోజు మేం మిర్యాలగూడలో చుట్టాల గృహప్రవేశంలో ఉన్నాం. తాళంచెవి పక్కింట్లో ఉందని, లోపల కూలర్ వేసుకుని పడుకోమని ఫోన్లో చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం మేం తిరిగొచ్చేసరికి గొర్రెలు అమ్ముడైపోయాయి. మామయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నా లాన్ నిండా పెంటికలు. మేసింది మేయగా మిగిలిన గడ్డి తొక్కుడుకు నేలకంటుకుని ఉంది.

"నీ గడ్డికి మంద పెట్టిన బిడ్డా. ఇగ సూడు, ఎట్లొస్తదో!"

కోతలయ్యాక రైతులు కాపరుల్ని బతిమాలి చేలో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు రాత్రంతా అక్కడే పడుకుంటే ఆ పెంట, ఆ ఉచ్చ నేలకు బలం. అందుకు కాపరికి వడ్లు కొలుస్తారు, అన్నం పెడతారు. మామయ్య మాకు అడగకుండానే పెట్టారు, అదీ తన ఆఖరి మంద. ఆ ముఖంలో సంతోషం చూసి, సంచి పట్టుకుని లోపలికి నడిచాను.

అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. నాకు దుత్తకు బదులు మొగుడు దొరికాడు. వంటింట్లోకి లాక్కెళ్ళి చెడామడా దులిపేశాను. "ఊరంతా కాళ్ళ మీద పడ్డా దొరకని మంద నీకు ఊకెనే దొరికింది. జర సంతోషపడరాదు?" అని ఆయన నవ్వాడు. నాకు ఇంకా మండింది.

చేనైతే దున్ని మట్టిలో కలిపేస్తారు. లాన్‌ను దున్నేదెక్కడ? చారెడు జాగాలో మందంతా పడుకుంది, పైన రోళ్ళు పగిలే ఎండ. వారం తిరక్కుండానే గడ్డి మచ్చలు మచ్చలుగా పసుపెక్కి, తర్వాత మాడిపోయింది. నర్సరీ అతను వచ్చి చూసి, "ఎరువు ఎక్కువై కాలింది మేడం. పెంటికలన్నీ ఎత్తేసి నీళ్ళు మస్తుగ పెట్టుర్రి. ఇగ ఏ మందూ ఎయ్యకుర్రి" అని చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత మామయ్య వచ్చారు. గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయారు.

"నా మంద పండుకున్న చేను ఎన్నడు ఎండలే బిడ్డా. పోయేటప్పుడు గిట్ల చేసి పోయిందా?"

టీ కూడా తాగకుండా బస్టాండుకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా "పనుంది బిడ్డా" అనేవారు. మంద లేని మనిషికి ఏం పని? ఊళ్ళో ఎవరైనా పలకరించినా సరిగ్గా మాట్లాడటం లేదని తెలిసింది.

నా కోపం అక్కడితో పోయింది. గడ్డి పోతే మళ్ళీ కొనుక్కుంటాం. కానీ జన్మంతా కాసిన మందతో ఆయన చేసిన చివరి మంచిపని మా గుమ్మం ముందు మాడిపోయి ఉండకూడదు. ఆ గడ్డే బతకాలి, కొత్తది పరిస్తే కుదరదు. పెంటికలన్నీ ఊడ్చి ఎత్తాను. ఉచ్చలోని ఉప్పంతా కిందికి దిగిపోయేలా పొద్దునా సాయంత్రం పైపుతో నీళ్ళు పట్టాను. ఎండిన పోచలు చేత్తో దువ్వి తీశాను. "మా నాయిన మీద ప్రేమ గడ్డికి పారిస్తున్నవ్" అని మా ఆయన వేళాకోళం చేస్తూనే రెండో పైపు పట్టుకునేవాడు.

మృగశిర కార్తె వాన పడింది. వేళ్ళు చావలేదు. మాడిన చోటల్లా ముందు ముళ్ళలా, తర్వాత ఒత్తుగా, మిగతా గడ్డి కంటే నల్లటి పచ్చగా లేచింది. ఫోన్ చేస్తే మామయ్య నమ్మలేదు. "మీరు రాకపోతే రేపు దీని మీద యూరియా చల్లేస్తాను" అన్నాను. మర్నాడు మొదటి బస్సుకే దిగారు.

చెప్పులు గేటు దగ్గరే విడిచి గడ్డిలోకి నడిచారు. గోడ పక్కన ముదురు పచ్చగా ఉన్న చోట వంగి చేయి పెట్టారు.

"గీడ బొల్లి గొర్రె పండుకున్నది. దానికి గోడ ఆసరా ఉండాలె."

మరో నాలుగడుగులు వేశారు. "గీడ కుంటిది. గాడ తల్లీపిల్లా." ఒక్కొక్క చోటా ఆగి చెబుతూ పోయారు. నేను వెనకే నడిచాను. లాన్ నడిమధ్య మాత్రం ఒకచోట గడ్డి మాడనూ లేదు, నల్లబడనూ లేదు, మామూలు లేతపచ్చగానే ఉంది. మనిషి పొడవు ఉంటుంది.

"ఇక్కడ ఏదీ పడుకోలేదా మామయ్యా?"

"గాడ గొంగడి పరుసుకున్న బిడ్డా. ఆఖరిరోజు గద, లోపట నిద్ర పట్టలే."