అనపకాయల హనుమక్క

చిలమత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో, చిక్కుడు జాతి కాయలైన అనపకాయల సంగతి తెలియాలంటే హనుమక్కనే అడిగేవాళ్లు. మార్గశిరం వచ్చి మంచు పడడం మొదలైతే బెంగళూరు హోటళ్లలో వంట చేసేవాళ్లు కూడా ఆమెకు ఫోన్ చేసేవాళ్లు. సంతలో దొరికే కాయలు వాళ్లకు పనికిరావు. బోరు నీళ్లతో ఏడాది పొడుగునా కాసే హైబ్రిడ్ కాయకు రంగూ బరువూ ఉంటాయి గానీ వాసన ఉండదు. వానకు మొలిచి, రాగి చేలో సాళ్ల మధ్య పెరిగి, చలికాలపు మంచులో తడిసిన నాటుకాయకే ఆ ఘాటు వస్తుంది. ఏ చేను ఎప్పుడు కోయాలో హనుమక్క గట్టు మీద నిలబడి, గాలి పీల్చి చెప్పేది. రెండు రోజులు ఆగమంటే రైతులు ఆగేవాళ్లు.

ఆ పని ఆమె ఒక్కతే చేయలేదు. తోడికోడలు ఓబమ్మ ఇరవై ఏళ్లు పక్కనే ఉంది. అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరూ, మొగుళ్లు పోయాక కూడా వేరుపడలేదు. హనుమక్కకు పిల్లల్లేరు. ఓబమ్మ కూతురు హేమావతి పెళ్లయి కదిరిలో ఉంటోంది. ఇద్దరూ తెల్లవారగానే కాయలు కోసుకొచ్చి, వలిచి, గింజలు నానేసి, మర్నాడు ఎదురెదురుగా కూర్చుని పితికేవాళ్లు. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలోకి ఎగిరిపడుతుంది. ఓబమ్మకు నోరు కదలకపోతే చెయ్యి కదిలేది కాదు. ఊళ్లో సంగతులు, పుట్టింటి సంగతులు, చెప్పినవే మళ్లీ చెప్పేది. హనుమక్క ఊ కొడుతూ పితికేది.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఇద్దరికీ ఒకే వారంలో జ్వరం తగిలింది. ఓబమ్మకు ఊపిరి ఆడక హిందూపురం తీసుకుపోయారు. పదకొండో రోజు అక్కడే పోయింది. హనుమక్క ఇంట్లో మంచం మీద ఉంది. కడసారి చూపు కూడా దక్కలేదు.

ఆమె లేచి తిరగడం మొదలుపెట్టిన పది రోజులకు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. పక్కింటి చౌడేశ్వరి పరుగున వచ్చి గిన్నె దించింది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న హనుమక్కకు ఏమీ తెలియలేదు. కునుకు పట్టిందని చౌడేశ్వరికి అబద్ధం చెప్పింది. ఆమె వెళ్లాక వెల్లుల్లి చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. కిరసనాయిలు సీసా మూత తీసింది. చివరికి ట్రంకు పెట్టెలోంచి ఓబమ్మ చీర ఒకటి తీసి మొహానికి అదుముకుంది. నూలు మెత్తగా తగిలింది, అంతే.

ఎవరికీ చెప్పలేదు. మనిషినే పోగొట్టుకున్న ఇంట్లో ముక్కు పోయిందని ఏడిస్తే నవ్వుతారేమో అనుకుంది.

చలికాలం వచ్చింది. హరినాథ్ ఫోన్ చేశాడు. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, బెంగళూరులో ఒక హోటల్లో పెద్ద వంటవాడైన మనిషి. ఏడేళ్లుగా ప్రతి చలికాలం ఆమె పంపే పితికిపప్పుతో కూర చేసి, సంగటి ముద్దతో వడ్డిస్తున్నాడు. ఆమెను అత్తా అని పిలుస్తాడు. ఓబమ్మను తలుచుకుని కాసేపు బాధపడి, ఈసారి పప్పు ఎప్పుడు పంపుతావని అడిగాడు. వచ్చే వారమని హనుమక్క అనేసింది. కాదని చెప్పాలంటే కారణం చెప్పాలి.

మర్నాడు పొద్దున్నే ఊళ్లో రైతు జయరాం చేనికి పోయింది. అలవాటుగా గట్టు మీద నిలబడి గట్టిగా గాలి పీల్చింది. ముక్కులోకి చలి తప్ప ఇంకేమీ రాలేదు. జయరాం ఆమె మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. కాయలు పచ్చగా, నిండుగా ఉన్నాయి. కోసుకోవచ్చని చెప్పింది. ఆ ఏడు నాటు విత్తనం సగం మొలవక, జయరాం భాద్రపదంలో ఆ ఖాళీల్లో హైబ్రిడ్ వేశాడు. హనుమక్కకు చెప్పాలని అతనికి తోచలేదు. ఆమెకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు.

రెండు రోజులు ఒక్కతే కూర్చుని పితికింది. ఎదురుగా గోడ. పప్పు గిన్నెలో పడే చప్పుడు అంత గట్టిగా ఉంటుందని అప్పుడే తెలిసింది. మధ్యలో రెండుసార్లు తనకు తెలియకుండానే ఊ కొట్టింది.

పప్పు బస్సులో పంపిన మూడో రోజు హరినాథ్ తానే వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన టీ సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

“అత్తా, ఆ పప్పు నువ్వు పితికిందేనా?”

“నేనే పితికినా. ఏమప్పా?”

“వాసన ల్యా. నీ చేతి సరుకు మాదిరి లేదు.”

జయరాం మోసం చేశాడని అనేయొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. హనుమక్క మింగేసింది.

“జరమొచ్చినకాడ్నుంచి నాకు వాసన తెలీదప్పా. ఏదీ తెలీదు.”

“ఎవురికీ చెప్పల్యా?”

“ఎవురికి చెప్పల్ల? చెప్పుకునే మనిషి పాయ.”

హరినాథ్ మిగిలిన టీ తాగేశాడు. లేచేటప్పుడు, ఎట్లాంటి పప్పు పంపినా తీసుకుంటానని, ఆమె ఈ పని మానొద్దని చెప్పాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. జాలిపడి తీసుకునే పప్పు తాను పంపనంది. అతను తలవంచుకుని బస్సు ఎక్కడానికి పోయాడు.

సాయంత్రం గిన్నెలు తోముతూ ఆమె తన చేతులను చూసుకుంది. ఏటా ఈ రోజుల్లో వేళ్లు నల్లబడి, జిగురు పట్టి ఉండేవి. నాటుకాయ తోలు మీద ఉండే నూనెజిగురది, కాయ వాసనంతా దాంట్లోనే. చింతపండుతో రుద్దినా వదిలేది కాదని ఓబమ్మ రోజూ గొణిగేది. ఈసారి వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. హనుమక్క ఆ వేళ్లను తిప్పి తిప్పి చూసింది.

మర్నాడు తెల్లవారగానే మిట్ట మీది నారాయణప్ప చేనికి పోయింది. మోకాళ్ల దాకా చీర తడిసింది. ఒక్కో గుత్తిని పిడికిట పట్టి వదిలింది. కొన్ని జారిపోయాయి. కొన్ని అంటుకుని, వేళ్లు విడదీస్తే చిన్నగా సాగాయి. మళ్లీ పట్టింది. పల్లంలో కాయ కన్నా మిట్ట మీది కాయకు జిగురెక్కువ. ఎండెక్కాక అదే కాయ చేతికి వేరుగా తగిలింది. ఐదు రోజులు నాలుగు చేలు తిరిగింది. చూసినవాళ్లు ఏం చేస్తున్నావని అడిగితే ఈసారి దాచలేదు. ముక్కు పోయిందని, చేత్తో వెతుక్కుంటున్నానని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. అట్లాగని ఎవరూ కాసేపు ఆగి మాట్లాడలేదు కూడా. ఎవరి కోతలు వాళ్లకున్నాయి.

హరినాథ్ అడగకుండానే ఆ జిగురు కాయల పప్పు చిన్న మూట కట్టి పంపింది. రెండో రోజు ఫోన్ వచ్చింది.

“ఇదీ అత్తా,” అన్నాడు.

సంక్రాంతికి ముందు అతను పట్టుబట్టి ఆమెను బెంగళూరు పిలిపించాడు. హోటల్లో ఒక మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమె పప్పుతో చేసిన కూర తానే తెచ్చాడు. మూత తీయగానే పక్క బల్ల దగ్గరి పెద్దావిడ మాట ఆపి ఇటు తిరిగింది. అమ్మమ్మ ఊరు గుర్తొచ్చిందని కన్నడంలో తన కూతురితో చెప్పింది. వడ్డించే పిల్ల రెండడుగులు దగ్గరగా జరిగింది. తాను ఏరి పంపిన పప్పు వాసన హాల్లో అందరికీ అందుతోంది. హనుమక్క ఒక్కతే ఆవిరిని చూస్తూ కూర్చుంది. ముద్ద తుంచి కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కారం తెలిసింది. పప్పు వెన్నలా నలిగింది.

హరినాథ్ ఎదురుగా నిలబడి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

“ఉప్పు సరిపోయిండాది,” అంది హనుమక్క. అతను తల ఊపి లోపలికి పోయాడు. ఆమె మెల్లగా, ఏమీ మిగల్చకుండా తిన్నది.

తర్వాత మూడు చలికాలాలు గడిచాయి. కిరసనాయిలు వాసన కాస్త తిరిగొచ్చింది. మాడు వాసన ఎప్పుడైనా ఒకసారి తెలుస్తుంది. అనపకాయది మాత్రం రాలేదు. డాక్టరు ఇంకా రావచ్చన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. కదిరి వచ్చి ఉండమని హేమావతి పిలుస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో వెళ్లి పది రోజులు ఉండి వస్తుంది.

ఈ ఏడు మంచు ఆలస్యంగా దిగింది. నాటు సాళ్లు వేసిన రైతులు ఇంకా తగ్గారు. మిట్ట మీది చేనికి ఆమె రోజూ తెల్లవారగానే పోతోంది. ఇంకో వారం పడుతుందని నారాయణప్పకు చెప్పింది. అతను సరేనని గొర్రెలను తోలుకుని పోయాడు. హనుమక్క పైట చెవుల మీదుగా బిగించి కట్టుకుని, పక్క సాలులోకి దిగింది.