బాపు జోడీకి టికెట్ లేదు

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా మక్తల్ గ్రంథాలయంలో నేర్చుకున్నదే. కుట్టుమిషన్ పని ముగియగానే అక్కడికి పోయి, తలుపులు మూసే వేళ దాకా కూర్చునేదాన్ని. చరిత్ర, ప్రయాణాలు, నవలలు, ఏది చేతికి వస్తే అది చదివేదాన్ని. అక్కడి కంప్యూటర్ కూడా నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం నాకు ఇష్టం.

మా బాపు, అంటే మా నాన్న, వయసులో ఉన్నప్పుడు వలస పోయి ఎక్కడెక్కడో కాలువలు తవ్వాడు. మట్టిపనిలో ఇద్దరిద్దరిని జతగా పెట్టేవారట. ఒకరు గడ్డపారతో తవ్వితే ఇంకొకరు తట్టకెత్తి మోయాలి. బాపుతో జతగా మోసినాయన అమ్రాబాద్ దగ్గరి పల్లెలో ఉండే ముస్లిం. వాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం నేను ఎన్నడూ వినలేదు. ఇద్దరూ "జోడీ" అనే పిలుచుకునేవారు. పని మానేశాక ఆయన ఉమ్మడి జిల్లాకు ఆ కొసన, మేం ఈ కొసన. పాత వలస కూలీల సంఘం పాలమూరులో ఏటా ఒకసారి జరిపే సభలోనే వాళ్లు కలుసుకునేవారు. తోడుగా నేను పోయేదాన్ని.

బాపు జొన్నరొట్టెలు, పల్లికారం మూట కట్టించుకునేవాడు. జోడీ అడవి తేనె సీసా తెచ్చేవాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. బాపు రొట్టె విరిచి పెద్ద ముక్క ఆయన చేతిలో పెట్టేవాడు.

"తట్ట మోసినోనికి ఆకలెక్కువ" అనేవాడు బాపు.

"తవ్వినోనికి నోరెక్కువ" అనేవాడాయన, నములుతూనే.

సంఘం పెట్టే భోజనం సంగతి ఆ తర్వాతే.

అప్పట్లో గేటు దగ్గర ఒక ముసలి మేస్త్రీ కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. "యాడ తవ్వినవ్?" అని అడిగేవాడు. తవ్విన జాగా పేరు చెప్తే చాలు, లోపలికి పొమ్మనేవాడు. ఆయన పోయాక సంఘం కూలీల కొడుకుల చేతికి వచ్చింది. చదువుకున్న పిల్లలు. అన్నం కోసం ఎవరెవరో వస్తున్నారని, అసలు కూలీలకే వండింది చాలడం లేదని వాళ్ల బాధ. అందులో అబద్ధం లేదు. ఆ ఏడు వాళ్లు వెబ్‌సైటు పెట్టారు. ఎవరికి వారు అందులో ఖాతా తెరిచి, లాగిన్ అయి, టికెట్ నమోదు చేసుకోవాలన్నారు.

బాపును గ్రంథాలయానికి తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"పాస్‌వర్డ్ కావాలె బాపు. యాదికుండే మాటొకటి చెప్పు."

"జొన్నరొట్టె."

"ఉట్టి మాట ఒద్దంటుంది. అంకె గూడ కలపాల్నట."

"రొట్టెకు అంకెందుకే? ఎన్ని తింటమో గూడ వాళ్లకు చెప్పాల్నా?"

గ్రంథాలయంలో పేపరు చదువుతున్నవాళ్లు నవ్వారు. బాపు ఫోనుకు ఓటీపీ వచ్చింది, టికెట్ వచ్చింది. ప్రింటు తీసి చేతిలో పెడితే బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి జోడీకి?"

"ఆయనకు ఫోనుందా?"

"ఫోనుంటె నేను ఏడాది దాంక ఎందుకాగుత?"

బాపు ఖాతాలోనే రెండో టికెట్ తీయాలని చూశాను. ఒక ఖాతాకు కూలీ ఒకరే, తోడు ఒకరే అన్నది వెబ్‌సైటు. నా ఫోనుతో ఆయనకు వేరే ఖాతా తెరవబోతే ఆయన ఆధార్ అడిగింది. తోడు చోట ఆయన పేరు పెడదామంటే బాపు ఒప్పుకోలేదు, తానొక్కడే బస్సెక్కి దిగే స్థితిలో లేడు. చివరికి సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను. "పెద్దమనిషే గదా అక్కా, గేటు కాడ మేం చూస్కుంటం. ఫికర్ చెయ్యకు" అన్నాడు. నమ్మాను.

సభ రోజు బాపు పక్క కుర్చీ మీద తువ్వాల పరిచి పెట్టాడు. ఎవరొచ్చి అడిగినా "మనిషున్నడు" అన్నాడు. అమ్రాబాద్ నుంచి కల్వకుర్తి మీదుగా రావాలి, ఆయన ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు కాబట్టి మొదట మాకు ఏమీ అనిపించలేదు. ఉపన్యాసాలయ్యాయి, శాలువాలు కప్పడం అయింది. భోజనాలకు లేచారు. బాపు లేవలేదు, మూట విప్పలేదు.

"జర తిను బాపు."

"ఆయన రానీ."

పందిరి కింద వడ్డించినవాళ్లు బల్లలు కడిగేటప్పుడు నేను గేటు దాకా పోయాను. వాచ్‌మన్ నన్ను చూసి, "మక్తల్ నుంచి వచ్చింది మీరేనా అమ్మా?" అని అడిగి, కుర్చీ కింది నుంచి తేనె సీసా తీశాడు.

"సభ షురూ అయినంక వచ్చిండమ్మా ఆ తాత. ఫోన్‌ల టికెట్ చూపియ్యమన్నరు పిలగాండ్లు. యాడ తవ్విండో చెప్పబట్టిండు పాపం, వాళ్లు ఇనలే. మస్తుసేపు గీ గోడ నీడకే కూసున్నడు. మక్తలాయన బయటికొస్తె ఇయ్యమని చెప్పి పోయిండు."

కార్యదర్శి ఆ పొద్దంతా వేదిక మీదే ఉన్నాడు. గేటు దగ్గరి పిల్లలకు ఆయన చెప్పడం మరిచాడో, చెప్పినా వాళ్లు మరిచారో నాకు తెలియదు.

బాపును ఆటోలో బస్టాండుకు తీసుకుపోయాను. కల్వకుర్తి బస్సు ఆగే చోట ఎవరూ లేరు. మక్తల్ బస్సులో బాపు సీసాను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. దేవరకద్ర దాటాక ఒక్క మాటన్నాడు.

"గోడకు అవతల ఉన్నడు బిడ్డా. నేను ఇవతల కుర్సీకి కావలున్న."

వానలు తగ్గినాక ఆయన ఊరికి పోదామనుకున్నాం. వానల్లోనే బాపుకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానలో చేర్పించాం, మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. కబురు చేయడానికి జోడీ నంబరు లేదు. నేనే పోయి చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చేతిలో పుస్తకం ఉంటే ఎంతసేపైనా కూర్చోగలిగిన నాకు, ఆ బస్సెక్కడం చేతకాలేదు.

మరుసటి ఏడు సభ రోజున రొట్టెలు చేసి మూట కట్టుకొని పాలమూరు పోయాను. టికెట్ తీయలేదు. గేటు బయట, వాచ్‌మన్ చూపించిన ఆ గోడ నీడకే నిలబడ్డాను. ఎండ ముదిరే వేళకు ఆయన వచ్చాడు. చాలా వంగిపోయాడు. చేతిలో సంచీ. నన్ను గుర్తుపట్టి ముఖమంతా నవ్వాడు.

"నాకు టికెట్ లేదు బిడ్డా, లోపలికి రానియ్యరని ఎరికే. అందుకే గేటు కాడికి పోలే. మీ బాపును జర బయటికి పిలువు. గీడనే కూసుంటం, గీ గోడ కాడ."

మూట విప్పాను. రొట్టె విరిచి, బాపు ఇచ్చినట్టే పెద్ద ముక్క ఆయనకు అందించాను. ఆయన ముక్క వంక చూశాడు, నా చేతి వంక చూశాడు. గోడకు ఆనుకొని మెల్లగా కింద కూర్చున్నాడు.

"ఎప్పుడు?" అని అడిగాడు.

"వానలల్ల."

లోపల మైకులో ఎవరో కూలీల కష్టం గురించి మాట్లాడుతున్నారు. ఆయన రొట్టె తినలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంచీలోంచి తేనె సీసా తీసి, రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మరి గిది ఎవలికియ్యాలె?" అన్నాడు.