చెరకు తోట మలుపు

తెలుగువాళ్లం వలస వచ్చి ఉంటున్న పర్వత్ పాటియా పేటలో, మా వీధి చివర ఉండే చెరకు రసం మిషన్‌కు గజ్జెలు కట్టి ఉంటాయి. చక్రం తిరిగినప్పుడల్లా ఘల్లుమంటాయి. సాయంకాలం ఆ చప్పుడూ, అల్లం, నిమ్మకాయ కలిసిన పచ్చి వాసనా బాల్కనీ దాకా వస్తే నేను డైరీ మూసి కిందికి దిగుతాను. గ్లాసు చేతిలోకి తీసుకోగానే సుభద్ర మేడం గుర్తొస్తారు. హజీరా కర్మాగారాల్లో తయారైన భారీ ట్యాంకులను ఊళ్లు దాటించే రవాణా సంస్థలో నేను పనిచేసిన రోజుల్లో ఆమె ఇంజనీరు, నాకు పై అధికారి. రాజమండ్రి మనిషి. ట్యాంకు మోసే బండి వెళ్లవలసిన దారిని ముందుగా చూసి రావడం మా ఇద్దరి పని.

ఆమె దారిని జీపులో కూర్చుని చూసేవారు కాదు. "మన ట్రెయిలర్ మనిషి నడిచినంత నెమ్మదిగా పోతుంది నారాయణ గారూ. దారినీ అంతే నెమ్మదిగా చూడాలి" అనేవారు. గొడుగు వేసుకుని ముందు ఆమె, టేపు పట్టుకుని వెనక నేను. కల్వర్టు వస్తే కిందికి దిగి చూసేవారు. ఆ పక్కన ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "మా తర్వాత ఈ దారిన ఎవరు పోవాలి?" కొలతలకు పనికిరాని ఆ ప్రశ్న ఎందుకో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి పెద్ద వంతెన మరమ్మతులో ఉండి, చెరకు పొలాల మధ్య పాత రోడ్డు మీదుగా ట్యాంకును తీసుకుపోవలసి వచ్చింది. దారిలో ఒక చిన్న రాతి కల్వర్టు. పొలం గట్టున కూర్చున్న రైతు గోవింద్ భాయ్ మేడం ప్రశ్న విని నవ్వాడు. "ఇంకెవరు బహెన్? ఊరి చెరకంతా ఫ్యాక్టరీకి పోయేది దీని మీదనే. ఇది కూలితే పంట పొలంలోనే ఎండుతుంది" అన్నాడు. అప్పుడు కోతల కాలం.

ఒక్కో ఇరుసు మీద పడే బరువు పరిమితికి లోపలే ఉంది. పర్మిట్ కూడా వచ్చింది. కానీ ఇరుసులు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఆ పొట్టి కల్వర్టు మీదికి ఒకేసారి ఎక్కువ ఇరుసులు ఎక్కుతాయని మేడం పట్టుబట్టారు. ట్రెయిలర్‌ను రెండు భాగాలు చేసి, మధ్యలో ఉక్కు దూలం బిగించి ఎడం పెంచితే, ముందు సగం దిగాకే వెనక సగం ఎక్కుతుంది. ట్యాంకు యజమానుల తరఫున వచ్చిన శ్రీధర్ గారికి ఇది నచ్చలేదు.

"పర్మిట్ వచ్చాక కూడా ఏమిటండీ ఈ చాదస్తం? ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇస్తాం" అన్నారాయన.

"ఇచ్చుకోండి. పాత నిచ్చెన ఎక్కేటప్పుడు నలుగురూ ఒకే మెట్టు మీద నిలబడతారా? మన బండి ఒక్కసారి పోతుంది. వాళ్ల చెరకు రోజూ పోవాలి."

"బండి పొడవు పెరిగితే అవతల మలుపు తిరగదు. చెరకు తోటలోంచి తోలతారా?"

"తోట ఆయన్ని అడుగుదాం" అని మేడం గొడుగు తీసుకుని బయలుదేరారు. పని చేజారుతుందన్న భయం నాకే ఎక్కువ.

మలుపులో ఉన్న తోట గోవింద్ భాయ్‌దే. ధర కట్టిస్తామన్నా ఆయన తటపటాయించాడు. "ఫ్యాక్టరీలో నా వంతు ఇంకా రాలేదు. కొట్టిన చెరకు ఎండిపోదా?" అన్నాడు.

"ఎండనివ్వం. తాగేస్తాం" అన్నారు మేడం.

ఆయన పగలబడి నవ్వి కొడవళ్లు తెప్పించాడు. దూలం బిగించే పని ఒకవైపు, చెరకు కొట్టే పని ఇంకోవైపు. మా డ్రైవరు రాజయ్యది సిరిసిల్ల. "ఏంది నారాయణన్నా గిది! మగ్గం వద్దని లారీ ఎక్కిన. గిప్పుడు కొడవలి చేతికొచ్చె" అని గొణుగుతూనే అందరికంటే వేగంగా కొట్టాడు. తోట మూల ఖాళీ అయ్యాక నేల మీద ఇనుప పలకలు పరిచాం.

మరునాడు ఉదయం మేడం బండికి చాలా ముందుగా నడిచారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఎందుకని తర్వాత అడిగితే, "నేను చూస్తే రాజయ్య నా మొహం చూస్తాడు. అతను దారి చూడాలి" అన్నారు. నేను కల్వర్టు పక్కన నిలబడి రాళ్లనే చూస్తున్నాను. ముందు సగం దిగింది. కాసేపు కల్వర్టు మీద ట్యాంకు నీడ తప్ప ఏమీ లేదు. తర్వాత వెనక సగం ఎక్కింది, దిగింది. ఒక్క రాయి కదలలేదు. ట్రెయిలర్ తోక తోట మూలలో పరిచిన పలకల మీదుగా తిరిగి రోడ్డు మీదికి వచ్చింది. అంతసేపూ ఆగి ఉన్న చెరకు బళ్లు మా వెనకే కల్వర్టు ఎక్కాయి.

గోవింద్ భాయ్ ఎక్కడినుంచో రసం మిషన్ తెప్పించాడు. దానికీ గజ్జెలుండేవి. శ్రీధర్ గారు రెండో గ్లాసు కూడా అడిగి తాగారు. పని ఇంకొకరికి పోలేదు. ఆనాటి డైరీలో నేను రాసుకున్నది ఇంతే: "కల్వర్టు క్షేమం. రసం బాగుంది."

మొన్న మా పక్క పేట గోడాదరాలో ఒక ఇరుకు సందులో చీరల బేళ్లతో నిండిన లారీ, మురికికాలువ మీది పాత పలక ఎక్కబోతోంది. చెయ్యెత్తి ఆపాను. డ్రైవరు మన తెలంగాణ కుర్రాడే.

"ఏంది తాతా, నువ్వేమన్న ఆర్టీవోవా? జర పోనియ్యి!"

"ఈ పలక మీదుగానే రేపు ఈ సందువాళ్లంతా బట్టల మిల్లుకు పోవాలి నాయనా. ఎడమ పక్కన చోటుంది, నా వెనక రా."

ఏదో గొణిగాడు గానీ గేరు మార్చాడు. నేను ముందు నడిచాను. లారీ నా నడక వేగానికి తగ్గి వెనకే వచ్చింది. సందు దాటేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు.