భాయ్ ఈదించిన చేపలు

గద్వాలలో పాత లాప్‌టాప్‌లు బాగుచేసే భాయ్ పోయారు. శుక్రవారం నమాజుకని దుకాణం షట్టరు దించి, అక్కడే కూలబడ్డారట. ఫోనులో విని మా మనవరాలు చెప్పింది. నేను పల్లికాయలు ఒలుస్తున్నాను.

"తాతా, ఇన్నవా?" అంది.

విన్నాను. ఒలుస్తూనే ఉన్నాను. పొట్టూ గింజలూ ఒకే చాటలో వేస్తున్నానని ఆ పిల్ల చెబితే గాని తెలియలేదు. ఏడుపు మాత్రం ఇప్పటికీ రాలేదు.

మాది గట్టు ఊరి దగ్గర పల్లె. మనవరాలు ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెబుతుంది. ఆ పాత మిషన్ పాఠం మధ్యలో దానంతటదే ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి లేచేది. ఇంకోసారి పాఠం తెగితే పని వేరేవాళ్లకు ఇస్తామని కంపెనీవాళ్లు అన్నారు. పిల్ల అన్నం సరిగా తినడం మానేసింది. గురువారం నేనే మిషన్‌ను సంచిలో వేసుకుని బస్సెక్కాను.

భాయ్ దాని అడుగున చెయ్యి తిరగేసి పెట్టారు, పసిపిల్లల జ్వరం చూసినట్టు. ఏ మిషన్ తెచ్చినా అంతే, ముందు చెయ్యి, తర్వాతే మాట.

"కాకా, ఇది మీ ఇంట్ల యాడ కూసుంటది?"

"పత్తి కుప్ప మీద. పత్తి తీసినంక ఇంట్ల ఇంకేడ జాగ ఉంటది? మెత్తగుంటదని పెట్టినం."

అడుగు మూత విప్పి, ఫ్యాన్‌లోంచి పత్తి లాగారు. లాగుతూనే ఉన్నారు.

"దీపానికి ఒత్తులు జేస్కో. గాలాడక ఉడికి పండుకుంటది పాపం. ఇగ మెత్తటిదాని మీద పెట్టకు, బొంతైనా, నీ ధోతైనా."

"పండుకుంటే పండుకోనియ్యి. మళ్ల ఎందుకు లేస్తది? నీ లెక్క చాయ్ వాసనకా?"

నవ్వితే ఆయన కళ్ళద్దాలు ముక్కు చివరికి జారేవి. వాటిని పైకి తోయరు, తలే పైకెత్తుతారు.

పత్తి తీశాక కూడా మిషన్ ఆగింది. లోపల ర్యామ్ అనే చిప్పుల పట్టీలు రెండున్నాయట, ఒకటి చెడినా ఇలాగే ఆగుతుందట. రెండూ పారేయమన్నాను.

"ఒక్కపారి ఒక్కటే తియ్యాలె కాకా. రెండు తీస్తే దొంగెవడో ఎట్ల తెలుస్తది?"

ఒకటి తీసి, తెర మీద చేపలు ఈదే బొమ్మ పెట్టారు. మిషన్ ఆగి లేస్తే చేపలు మాయమవుతాయి. అదే ఆయన పరీక్ష. కాసేపటికే మాయమయ్యాయి. దాన్ని తిరిగి పెట్టి రెండోది తీశారు. ఈసారి ఈదుతూనే ఉన్నాయి.

"పులుసు ఎప్పుడు భాయ్?"

"చుప్, బెదురుతయి. రేపటిదాంక ఈదనియ్యి. ఆగకుంటే తీస్కపో."

ఆ రేపే శుక్రవారం.

మూడో రోజు ఆయన తమ్ముడు నాకోసం షట్టరు లేపాడు. లోపల చీకటి. బల్ల మీద, రెండు చెక్క ముక్కలపై ఎత్తుగా పెట్టిన మా మిషన్‌లో చేపలు ఈదుతున్నాయి. ముందున్న కుర్చీ కాస్త వెనక్కి జరిపి ఉంది.

"బంద్ జేయాల్నా పెద్దాయనా?"

"వద్దు" అన్నాను.

వైరు తీసినా, భాయ్ వేసిన వేరే బ్యాటరీ మీద నడిచింది. మూత మూయకుండానే గట్టు బస్సెక్కాను.

"ఏం తాతా, సిన్మానా?" అన్నాడు కండక్టరు.

ధోతి మీద పెట్టొద్దన్నారు కదా. రెండు అరచేతుల మీద ఎత్తిపట్టుకున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా చేతులు ఊగాయి. చేపలు వాటి దారిన అవి ఈదుతున్నాయి.